డర్హం బుల్స్: తొలి నాలుగు దశాబ్దాలు (1902–1943)

డర్హం బుల్స్ అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, డర్హం నగరం పేరున ఆడే మైనర్ లీగ్ బేస్‌బాల్ జట్టు. 1902లో ‘డర్హం టొబాకోనిస్ట్స్’, అంటే పొగాకు వర్తకులు, అనే పేరుతో మొదలై ఒక్క సీజన్ కూడా పూర్తి చేయకుండానే మూతపడింది. 1913లో ‘బుల్స్’ అనే కొత్త పేరుతో మళ్లీ మైదానంలోకి దిగింది. 1917లో మొదటి ప్రపంచ యుద్ధం, 1934లో ఆర్థిక మాంద్యం, 1943 సీజన్ ముగిశాక రెండో ప్రపంచ యుద్ధం దీని ఆటను ఆపాయి. నడుమ 1939లో గ్యాలరీ మొత్తం కాలిపోయింది. ప్రతిసారీ జట్టు తిరిగి లేచింది. చిన్న పట్టణంలో వృత్తి బేస్‌బాల్ ఎలా పుట్టేదో, దేనివల్ల చచ్చేదో, మళ్లీ ఎలా బతికేదో తెలుసుకోవడానికి ఈ జట్టు తొలి నలభై ఏళ్ల చరిత్ర మంచి ఉదాహరణ. అందులో మరో విశేషం కూడా ఉంది. 1902లో రెండు నెలలకే మూతపడ్డ ఆ జట్టు యజమానే మూడు దశాబ్దాల తరవాత అమెరికా మైనర్ లీగులన్నిటికీ అధ్యక్షుడై, లీగులు నడిమధ్యలో కూలిపోకుండా కట్టుదిట్టాలు చేశాడు.

పొగాకు పట్టణం

డర్హం పాత నగరం కాదు. పంతొమ్మిదో శతాబ్దం నడిమి రోజుల్లో రైల్వే స్టేషను కోసం బార్ట్‌లెట్ డర్హం అనే వైద్యుడు స్థలం ఇచ్చాడు. ఊరికి ఆయన పేరే నిలిచింది. 1865 ఏప్రిల్‌లో, అంతర్యుద్ధం చివరి రోజుల్లో, ఆ ఊరి దగ్గరే ఉన్న బెన్నెట్ అనే రైతు ఇంట్లో దక్షిణాది సేనాని జాన్‌స్టన్, ఉత్తరాది సేనాని షెర్మన్‌కు లొంగిపోయాడు. సంధి మాటలు సాగినన్నాళ్లూ ఖాళీగా ఉన్న రెండు పక్షాల సైనికులూ జాన్ రఫిన్ గ్రీన్ అనే వర్తకుడి పొగాకు సరుకును దోచుకుపోయారు. గ్రీన్ నిండా మునిగాడనే అందరూ అనుకున్నారు. అయితే ఇళ్లకు చేరిన సైనికులు ఆ పొగాకు రుచి మరవలేక, ఇంకా కావాలని ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. ఆ గిరాకీని చూసి గ్రీన్ తన సరుకుకు ఆంబోతు బొమ్మ పెట్టుకున్నాడు. ఇంగ్లండ్ నుంచి వచ్చే కోల్‌మన్ ఆవపిండి డబ్బా మీది ఎద్దు తలను చూసి ఆ బొమ్మ ఎంచుకున్నాడని చెప్తారు. అదే ‘బుల్ డర్హం’ పొగాకు. గ్రీన్ పోయాక విలియం బ్లాక్‌వెల్, జూలియన్ కార్ ఆ ఆంబోతును దేశదేశాల గోడల మీదికి ఎక్కించారు.

ఆ నేలలో పండే వర్జీనియా పొగాకు మన గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు కొత్తది కాదు. ఆకును బ్యారన్‌లో వేలాడదీసి, గొట్టాల ద్వారా వేడి పంపి పసుపుపచ్చగా పండించే పద్ధతికి మూలం ఈ రాష్ట్రంలోనే ఉంది. 1839లో కాస్వెల్ కౌంటీలో, స్లేడ్ అనే భూస్వామి దగ్గర బానిసగా ఉన్న స్టీఫెన్ అనే కమ్మరి పొగాకు ఆరబెట్టే కొట్టంలో కునుకు తీశాడనీ, ఆరిపోతున్న నిప్పును కంగారుగా బొగ్గులతో రాజేస్తే ఆకు బంగారు రంగుకు తిరిగిందనీ అక్కడ చెప్పుకుంటారు. దాదాపు ఎనభై ఏళ్ల తరవాత ఆ రకం ఆకే కృష్ణా తీరపు నల్లరేగడిలోనూ పాదుకొంది.

వాషింగ్టన్ డ్యూక్, ఆయన కొడుకులు డర్హంలో సిగరెట్ల ఫ్యాక్టరీ పెట్టారు. 1880ల్లో బోన్సాక్ యంత్రాన్ని తెచ్చి, చేత్తో చుట్టే సిగరెట్టును యంత్రంతో చుట్టించారు. 1890లో ఏర్పడ్డ అమెరికన్ టొబాకో కంపెనీ వారిదే. తరవాత బుల్ డర్హం పొగాకు కూడా అందులోనే కలిసిపోయింది. 1892లో ట్రినిటీ కాలేజీ డర్హంకు తరలివచ్చింది. 1924లో అది డ్యూక్ విశ్వవిద్యాలయమైంది. పొగాకు గోదాముల పక్కనే బట్టల మిల్లులు లేచాయి. 1900లో ఊరి జనాభా 6,679. పదేళ్లలో అది 18,241కి పెరిగింది. జేబులో కాసిన్ని డబ్బులూ, సాయంత్రం కాస్త తీరికా ఉన్న కూలి జనం ఇలా ఒకచోట చేరడమే ఆ రోజుల్లో బేస్‌బాల్ జట్టు పుట్టడానికి కావలసిన మొదటి పెట్టుబడి.

మైనర్ లీగుల వ్యవస్థ

1903 నుంచి 1952 దాకా అమెరికా బేస్‌బాల్‌లోని రెండు ప్రధాన ‘మేజర్’ లీగులలో ఉన్న జట్లు 16 మాత్రమే. అవన్నీ న్యూయార్క్, బోస్టన్, ఫిలడెల్ఫియా, షికాగో వంటి మహానగరాలవి. వాషింగ్టన్, సెయింట్ లూయిస్‌లకు దక్షిణాన ఒక్కటీ లేదు. కాబట్టి దక్షిణాది జనానికి వృత్తి బేస్‌బాల్ అంటే తమ ఊరి మైనర్ లీగ్ జట్టే. మేజర్ జట్ల ఆటను వాళ్లు పత్రికల్లో చదివేవారు. కళ్లారా చూసేది మాత్రం పక్క ఊరి జట్టుతో తమ ఊరి జట్టు ఆడే ఆటనే.

1901 సెప్టెంబరు 5న షికాగోలోని లీలాండ్ హోటల్లో మైనర్ లీగుల పెద్దలు కూడి ‘నేషనల్ అసోసియేషన్’ను ఏర్పాటు చేసుకున్నారు. అప్పటికి రెండు మేజర్ లీగుల నడుమ పోరు ముదిరింది. ఎవరి ఆటగాళ్లను ఎవరైనా ఎగరేసుకుపోయే పరిస్థితి వచ్చింది. ఒప్పందాలకు విలువ ఇవ్వాలనీ, లీగులను ఊళ్ల స్థాయిని బట్టి ఏ, బి, సి, డి తరగతులుగా విభజించాలనీ కొత్త సంఘం నిర్ణయించింది. అట్టడుగు మెట్టు డి తరగతి. చిన్న పట్టణాల జట్లు చాలావరకు ఈ మెట్టు మీదే మొదలయ్యేవి.

ఈ జట్ల ఆర్థికం సన్నని దారం మీద నడిచేది. రాబడి ప్రధానంగా టిక్కెట్ల మీదే. రాత్రి దీపాలు రాని కాలం కాబట్టి ఆట మధ్యాహ్నం తరవాత మొదలై చీకటి పడేలోపు ముగియాలి. కూలీలకు సెలవు దొరికేది ఆదివారమే అయినా, మతపరమైన ఆంక్షలవల్ల దక్షిణాదిలో చాలా ఊళ్లలో ఆదివారం ఆట సాగేది కాదు. వారం రోజులు వాన పడితే జీతాలకు డబ్బు ఉండేది కాదు. వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం లీగుదే. ఆరు జట్ల లీగులో రెండు జట్లు చేతులెత్తేస్తే, మిగిలిన నాలుగూ ఎంత బాగా నడుస్తున్నా ఆడటానికి ఎదుటి జట్టు కరువయ్యేది. జట్టు ఆయుష్షును నిర్ణయించేది దాని సొంత ఆటకన్నా పక్క ఊళ్ల ఖాతా పుస్తకాలే.

1902: టొబాకోనిస్ట్స్

నేషనల్ అసోసియేషన్ పుట్టిన మరుసటి ఏడే నార్త్ కరోలినా లీగ్ మొదలైంది. షార్లట్, రాలీ, గ్రీన్స్‌బరో, విల్మింగ్టన్, న్యూబర్న్ పట్టణాలతోపాటు డర్హం కూడా అందులో చేరింది. డర్హం జట్టును నిలబెట్టినవాడు విలియం బ్రామ్‌హామ్. కెంటకీ రాష్ట్రంలో పుట్టి, నార్త్ కరోలినాలో న్యాయశాస్త్రం చదివి, డర్హంలో ప్లీడరుగా స్థిరపడ్డ యువకుడాయన.

జట్టు పేరు కోసం పెద్దగా ఆలోచించే పని పడలేదు. ఊరి వ్యాపారమే జట్టు పేరయింది. ఆ కాలపు ఆనవాయితీ కూడా అదే. కూరగాయలు పండించి రైళ్లకెక్కించే న్యూబర్న్ జట్టుకు ‘ట్రక్కర్స్’ అని పేరు. షార్లట్ జట్టు ‘హార్నెట్స్’, అంటే కందిరీగలు. 1780లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ ఆ ఊరిని కందిరీగల తుట్టె అన్నాడన్న కథ నుంచి ఆ పేరు వచ్చింది. ఊరి చరిత్రో, ఊరి సరుకో జట్టు చొక్కా మీద కనిపించేది.

టొబాకోనిస్ట్స్‌కు సొంత మైదానం లేదు. ట్రినిటీ కాలేజీ ఆవరణలోని హేన్స్ ఫీల్డ్‌లో ఆడేవారు. 1902 ఏప్రిల్‌లో ఆ కాలేజీ జట్టుతో స్నేహపూర్వకంగా ఆడి, మే నెలలో లీగు ఆటలు మొదలుపెట్టారు. ఆ ఏడాది షార్లట్ హార్నెట్స్ జోరుకు అడ్డు లేకపోయింది. వరసగా ఇరవైకి పైగా ఆటలు గెలిచారు. గెలిచే ఊరికి అది పండగే. అయితే చిన్న లీగుకు అటువంటి ఏకపక్ష విజయం చేటు చేస్తుంది. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన ఆటకు మిగిలిన ఊళ్లలో డబ్బిచ్చి వచ్చేవారు తగ్గిపోతారు. జులైలో లీగు మూతపడింది. దానితోపాటే డర్హం జట్టూ పోయింది. తరవాత పదేళ్లపాటు డర్హంలో వృత్తి బేస్‌బాల్ నిలదొక్కుకోలేదు. మిల్లుల జట్లు, కాలేజీ జట్లు ఆ వెలితిని కొంత పూడ్చాయి.

1913: ఆంబోతు పేరు

1912 డిసెంబరులో పట్టణం పెద్దలు మళ్లీ కదిలారు. 1913లో మొదలయ్యే నార్త్ కరోలినా స్టేట్ లీగ్‌లో డర్హంకు చోటు దొరికింది. ఇది డి తరగతి లీగు. షార్లట్, రాలీ, గ్రీన్స్‌బరో, ఆష్‌విల్, విన్‌స్టన్–సేలం మిగతా ఊళ్లు. అక్కడి పేర్లూ స్థానికమైనవే. రాజధాని రాలీ జట్టు ‘క్యాపిటల్స్’, కొండల ఊరు ఆష్‌విల్ జట్టు ‘మౌంటనీర్స్’, సరిగ్గా ఆ ఏడే ఒకే నగరంగా కలిసిపోయిన విన్‌స్టన్, సేలం ఊళ్ల జట్టు ‘ట్విన్స్’, అంటే కవలలు. డర్హం ఈసారి వృత్తి పేరు వదిలి బొమ్మ పేరు పెట్టుకుంది. పొగాకు సంచి మీది ఆంబోతు జట్టు గుర్తయింది. 1913 ఏప్రిల్ 24న హేన్స్ ఫీల్డ్‌లో డర్హం బుల్స్ తమ మొదటి ఆటలో రాలీ క్యాపిటల్స్‌ను 7–4తో ఓడించారు.

ఆ ఆంబోతుకు బేస్‌బాల్‌తో అంతకుముందే చుట్టరికం ఉంది. 1910 ప్రాంతాల్లో బుల్ డర్హం కంపెనీ అమెరికా అంతటా బేస్‌బాల్ మైదానాల్లో, ఔట్‌ఫీల్డ్ గోడల దగ్గర, తన ఆంబోతు బొమ్మతో నిలువెత్తు ప్రకటన పలకలు పెట్టించింది. కొట్టిన బంతి ఆ ఆంబోతుకు తగిలితే బ్యాటర్‌కు 50 డాలర్లు బహుమానం. చిన్న లీగు ఆటగాడి చేతికి అంత డబ్బు ఒక్క దెబ్బతో రావడం మామూలు సంగతి కాదు. బంతి విసిరే పిచ్చర్లు వంతు రాకముందు చేతులు వేడెక్కించుకొనే చోటును ‘బుల్‌పెన్’ అంటారు. ఆ మాట ఈ పలకల నీడ నుంచే పుట్టిందని చాలామంది నమ్ముతారు. నిజానికి ఆ పలకలకన్నా ముందే, 1870ల నాటి పత్రికల్లోనే, బేస్‌బాల్ ప్రస్తావనలో ‘బుల్‌పెన్’ కనిపిస్తుంది. అప్పట్లో ఆలస్యంగా వచ్చినవారిని తక్కువ ధరకు నిలబెట్టే, తాళ్లు కట్టిన స్థలాన్ని అలా పిలిచేవారు. ఆంబోతు పలకలు పాత మాటకు కొత్త బలం ఇచ్చి ఉండవచ్చు గాని, దాన్ని పుట్టించలేదు.

బుల్స్ ఈసారి నాలుగు సీజన్లు పూర్తిగా ఆడారు. అయిదోది మధ్యలో తెగింది. 1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది. యువకులు సైన్యంలో చేరడం, జనం దృష్టి యుద్ధం మీదికి మళ్లడంతో మే 30న లీగు ఆటలు నిలిపివేశారు.

పీడ్‌మాంట్ లీగ్, ఎల్ టోరో పార్క్

యుద్ధం ముగిశాక 1919 చివర్లో పీడ్‌మాంట్ లీగ్ ఏర్పాటైంది. అట్లాంటిక్ తీర మైదానానికీ అపలాచియన్ కొండలకూ నడుమ ఉన్న ఎత్తుపల్లాల నేలను పీడ్‌మాంట్ అంటారు. పొగాకు, బట్టల మిల్లుల పట్టణాలన్నీ ఆ నేల మీదే ఉన్నాయి. 1920లో ఆట మొదలుపెట్టిన ఆరు జట్లు డర్హం, రాలీ, గ్రీన్స్‌బరో, హైపాయింట్, విన్‌స్టన్–సేలం, వర్జీనియా సరిహద్దులోని డాన్‌విల్. ఊరికీ ఊరికీ నడుమ రైలులో కొన్ని గంటల ప్రయాణమే. ప్రయాణ ఖర్చు తక్కువ కావడం, పక్క ఊళ్ల పోటీ వేడి ఎక్కువ కావడం లీగుకు కలిసొచ్చాయి. 1920లో 21,719గా ఉన్న డర్హం జనాభా 1930కి 52,037కు చేరింది. డి తరగతిలో మొదలైన లీగు 1930ల్లో బి తరగతికి ఎదిగింది. ఇరవైల దశాబ్దం బుల్స్‌కు మొదటిసారి కాస్త ఊపిరి పీల్చుకొనే వ్యవధి ఇచ్చింది.

ఆ వ్యవధిలోనే జట్టుకు తగిన మైదానం అమరింది. 1926 జులైలో ఊరి నడిబొడ్డుకు దగ్గరగా ఎల్ టోరో పార్క్ తెరుచుకుంది. స్పానిష్‌లో ఆ మాటకు ‘ఆంబోతు’ అని అర్థం. చుట్టూ పొగాకు గోదాములు, మధ్యలో కొయ్యతో కట్టిన గ్యాలరీ. జులై 26న జరిగిన ప్రారంభోత్సవానికి బేస్‌బాల్ కమిషనర్ కెనసా మౌంటెన్ లాండిస్ స్వయంగా వచ్చాడు. 1919 నాటి ప్రపంచ సిరీస్ జూదం కుంభకోణంలో ఎనిమిది మంది షికాగో ఆటగాళ్లను జీవితాంతం వెలివేసిన కఠినుడిగా పేరుపడ్డ మనిషి. నెరిసిన జుట్టుతో, ముడుచుకున్న మొహంతో ఉండే ఆ పెద్దమనిషి ఆ రోజు నిజమైన ఆంబోతు మీద కూర్చుని మైదానంలోకి వచ్చాడు. జట్టు చరిత్రలో ఇప్పటికీ మళ్లీమళ్లీ చెప్పుకొనే ఘట్టం అది.

బ్రామ్‌హామ్: ఊరి ప్లీడరు నుంచి మైనర్ లీగుల అధ్యక్షుడు

1902 నాటి పరాజయంతో బ్రామ్‌హామ్ బేస్‌బాల్‌ను వదల్లేదు. జట్టు యాజమాన్యంకన్నా లీగు నిర్వహణే అసలు పని అని గ్రహించినవాడిలా ఆ వైపు మళ్లాడు. పీడ్‌మాంట్ లీగ్‌తో సహా దక్షిణాది లీగులు కొన్నిటికి అధ్యక్షుడిగా చేశాడు. జనం ఆయన్ను ‘జడ్జి బ్రామ్‌హామ్’ అనేవారు. అది పదవివల్ల వచ్చిన బిరుదు కాదు, ముద్దుపేరు.

1929 నాటి ఆర్థిక పతనం తరవాత మైనర్ లీగులు వరసగా మూతపడసాగాయి. తిండికే కరువైన ఇంట్లో ఆట టిక్కెట్టుకు డబ్బెక్కడిది? 1932 చివర్లో నేషనల్ అసోసియేషన్ బ్రామ్‌హామ్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. 1933లో దేశం మొత్తంమీద ఆడిన మైనర్ లీగులు 14 మాత్రమే. ఆయన సంఘం కార్యాలయాన్ని డర్హంకే తెచ్చుకుని అక్కడినుంచే పని నడిపాడు. దేశంలోని చిన్న లీగులన్నిటి ఒప్పంద పత్రాలూ, తగాదాల అర్జీలూ ఈ పొగాకు పట్టణానికే వచ్చేవి.

ఆయన చేసిన మార్పులలో ముఖ్యమైనది ధరావతు నిబంధన. జేబులో దమ్మిడీ లేకుండా, వచ్చే వారం టిక్కెట్ల డబ్బుతో ఈ వారం జీతాలు ఇద్దామనుకొనే ఆశపోతు యజమానులను ఆయన దగ్గరికి రానివ్వలేదు. సీజన్ మొదలుకాక ముందే ప్రతి జట్టూ ఆటగాళ్ల జీతాలకు హామీగా సొమ్ము కట్టాలన్నాడు. నడుమ జట్టు మూతపడ్డా ఆటగాడు వీధిన పడకూడదన్నది దాని ఉద్దేశం. 1902 జులైలో డర్హంలో జరిగినదానికి ఇది మూడు దశాబ్దాలు ఆలస్యంగా వచ్చిన మందు.

ఆ కాలంలోనే మరి రెండు మార్పులు చిన్న లీగులకు ప్రాణం పోశాయి. 1930లో కాన్సస్, అయోవా రాష్ట్రాల్లోని చిన్న జట్లు విద్యుద్దీపాల వెలుగులో రాత్రి ఆటలు మొదలుపెట్టాయి. పగలంతా మిల్లులో ఉండే కూలికి మొదటిసారి పనిదినాన ఆట చూసే వీలు కలిగింది. 1933లో ఫ్రాంక్ షాగ్నెసీ రూపొందించిన ప్లేఆఫ్ పద్ధతి నాలుగో స్థానంలో ఉన్న జట్టుకు కూడా కప్పు మీద ఆశ మిగిల్చింది. దాంతో జూన్ నాటికే ఆట నీరుగారిపోవడం తగ్గింది. 1940 నాటికి లీగుల సంఖ్య 40 దాటింది. బ్రామ్‌హామ్ 1946 చివరిదాకా పదవిలో ఉండి, 1947లో కన్నుమూశాడు.

మాంద్యం, సిన్సినాటి రెడ్స్ నీడ

దేశంలోని లీగులకు పెద్దదిక్కు తన ఊరివాడే అయినా బుల్స్‌కు మాంద్యం దెబ్బ తప్పలేదు. 1933లో ఎల్ టోరో పార్క్ ‘డర్హం అథ్లెటిక్ పార్క్’ అయింది. 1934లో జట్టు మైదానంలోకి దిగలేదు. అలా ఆగిన ఆట 1936లో వేరే రూపంలో మొదలైంది. మేజర్ లీగ్ జట్టయిన సిన్సినాటి రెడ్స్, విల్మింగ్టన్‌లో నడుపుతున్న తన శిక్షణ జట్టును డర్హంకు తరలించింది.

దీనికి నేపథ్యం ‘ఫార్మ్’ పద్ధతి. పెద్ద జట్టు చిన్న ఊళ్ల జట్లను చేతిలో ఉంచుకుని, అక్కడ కుర్రాళ్లను నారుమడిలో మొలకల్లా పెంచి పైకి తీసుకోవడమే ఆ పద్ధతి. సెయింట్ లూయిస్ కార్డినల్స్ అధికారి బ్రాంచ్ రిక్కీ 1920ల్లో దాన్ని విస్తరించాడు. అంతకుముందు బుల్స్ లాంటి జట్టు మంచి ఆటగాణ్ణి తయారుచేసి పెద్ద జట్టుకు అమ్ముకుని, ఆ డబ్బుతో మరో ఏడాది గట్టెక్కేది. ఇప్పుడు ఆటగాడు మొదటినుంచీ పెద్ద జట్టువాడే. ఊరికి జీతాల బరువు తగ్గింది, దానితోపాటు స్వతంత్రమూ తగ్గింది. సీజన్ నడుమ పెద్ద జట్టుకు అవసరం పడితే, కప్పు ముంగిట ఉన్నా, ఉన్నవాళ్లలో మేటిని పంపక తప్పదు.

1936లో ఆ పద్ధతి డర్హం ప్రేక్షకులకు మేలే చేసింది. జానీ వాండర్ మీర్ అనే ఎడమచేతి పిచ్చర్ ఆ ఏడాది బుల్స్ తరఫున 19 ఆటలు గెలిచి 6 ఓడి, 295 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. ‘స్పోర్టింగ్ న్యూస్’ పత్రిక ఆయన్ను ఆ సంవత్సరపు ఉత్తమ మైనర్ లీగ్ ఆటగాడిగా ఎంచింది. రెండేళ్లకు, 1938 జూన్ 11న, సిన్సినాటి తరఫున బోస్టన్ మీద ఆయన ‘నో హిట్టర్’ వేశాడు. అంటే ఎదుటి జట్టులో ఒక్కరికీ హిట్ దక్కనివ్వకుండా ఆట ముగించాడు. నాలుగు రోజులకే, జూన్ 15న, బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్‌లో మొదటి రాత్రి ఆట జరిగినప్పుడు మరొకటి వేశాడు. మేజర్ లీగులలో వరసగా రెండు నో హిట్టర్లు వేసినవాడు ఇప్పటికీ ఆయనొక్కడే. 1936 బుల్స్‌లోనే ఆడిన ఫ్రాంక్ మెకార్మిక్ 1940లో నేషనల్ లీగ్ అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. వాండర్ మీర్‌ను మహానగరాలవాళ్లకన్నా ముందు పొగాకు కూలీలు చూశారు.

రంగు గీత

ఈ నలభై ఏళ్లలో బుల్స్ చొక్కా తొడిగినవాళ్లంతా తెల్లవారే. 1887 జులైలో ఇంటర్నేషనల్ లీగ్ యజమానులు నల్లజాతి ఆటగాళ్లతో కొత్త ఒప్పందాలు వద్దని తీర్మానించారు. ఆ తరవాత వృత్తి బేస్‌బాల్‌లో నల్లవారికి తలుపులు క్రమంగా మూసుకుపోయాయి. ఎక్కడా రాసి పెట్టుకోని కట్టుబాటుగా అది ఆరు దశాబ్దాలు సాగింది. దక్షిణాదిలో ప్రేక్షకుల గ్యాలరీలు కూడా విడివిడిగానే ఉండేవి.

డర్హం విషయంలో ఈ వివక్ష మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎందుకంటే, దేశంలో నల్లజాతి వ్యాపారానికి పేరుపడ్డ ఊళ్లలో ఇదొకటి. జాన్ మెరిక్, ఆరన్ మూర్ వంటివారు 1898లో స్థాపించిన నార్త్ కరోలినా మ్యూచువల్ బీమా కంపెనీ ఇక్కడే పుట్టింది. పారిష్ వీధిని ‘బ్లాక్ వాల్‌స్ట్రీట్’ అనేవారు. హేటై పేటలో నల్లవారి దుకాణాలు, చర్చిలు, సినిమా హాళ్లు కళకళలాడేవి. పొగాకు ఫ్యాక్టరీల్లో ఈనెలు తీసే కష్టమైన పని చేసేవాళ్లలో చాలామంది నల్లజాతి స్త్రీలే. ఊరి సంపదలో వాళ్ల చెమట ఉంది గాని, ఊరి జట్టులో వాళ్ల బిడ్డలకు చోటు లేదు. వాళ్ల ఆట ‘డర్హం బ్లాక్ సాక్స్’ వంటి విడి జట్లలో సాగింది.

1946లో జాకీ రాబిన్సన్ మాంట్రియల్ మైనర్ జట్టులో చేరి ఆ గీతను చెరిపాడు. డర్హంకు ఆ మార్పు రావడానికి ఇంకో పదకొండేళ్లు పట్టింది. 1957 ఏప్రిల్‌లో బబ్బా మోర్టన్, టెడ్ రిచర్డ్‌సన్ బుల్స్ తరఫున ఆడిన మొదటి నల్లజాతి ఆటగాళ్లయ్యారు.

అగ్నిప్రమాదం, కాంక్రీటు గ్యాలరీ

1939 జూన్ 17 రాత్రి, ఆట ముగిసి జనం ఇళ్లకు చేరాక, డర్హం అథ్లెటిక్ పార్క్‌లో నిప్పంటుకుంది. కొయ్య గ్యాలరీ నిలువునా కాలిపోయింది. గ్యాలరీ కింద నిద్రపోతున్న మైదానం పనివాడు త్రుటిలో ప్రాణాలు దక్కించుకున్నాడు. నష్టం లక్ష డాలర్లకు పైమాటే. కొయ్య గ్యాలరీల కాలంలో ఇటువంటి ప్రమాదం అరుదు కాదు. ఎండకు బీటలువారిన దూలాలు, కింద పోగుపడ్డ కాగితాలు, పైన కూర్చున్నవారి చేతిలో సిగరెట్లు: చాలా ఊళ్లలో మైదానాలు ఇలాగే బూడిదయ్యాయి.

చాలా జట్ల చరిత్ర అక్కడితో ముగిసేది. బుల్స్ రెండు వారాలకే అదే మైదానంలో తాత్కాలిక బల్లలు వేసి ఆట సాగించారు. బ్యాంకరు జాన్ స్ప్రంట్ హిల్ విరాళం ఆసరాగా కాంక్రీటు, ఉక్కుతో కొత్త గ్యాలరీ లేచింది. 1940 ఏప్రిల్ 7న సిన్సినాటి రెడ్స్, బోస్టన్ రెడ్ సాక్స్ జట్లు అక్కడ ప్రదర్శన ఆట ఆడాయి. ఆ ఏడే రెడ్స్ ప్రపంచ సిరీస్ గెలిచారు. టిక్కెట్లు అమ్మే శంఖు కప్పు గుండ్రటి గది, దగ్గరగా కట్టిన గ్యాలరీ ఉన్న ఆ పార్క్ ఇప్పటికీ నిలిచే ఉంది.

1943, ఆ తరవాత

1941 డిసెంబరులో అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది. ఆటగాళ్లు సైన్యానికి వెళ్లారు. పెట్రోలుకు, టైర్లకు రేషన్ వచ్చింది. 1943 సీజన్‌తో బుల్స్ పీడ్‌మాంట్ లీగ్‌ను వదిలారు. 1944లో డర్హంలో లీగు ఆట లేదు. 1945లో కొత్తగా మొదలైన కరోలినా లీగ్‌లో డర్హం వ్యవస్థాపక జట్లలో ఒకటిగా చేరింది. యుద్ధానంతరం మైనర్ లీగులకు మహర్దశ పట్టింది. 1949లో 59 లీగులు, దాదాపు 4 కోట్ల టిక్కెట్లు. టెలివిజన్ వచ్చాక ఆ వైభవం అంతే వేగంగా కరిగిపోయింది.

తరవాతి చరిత్రలో మూడు ఘట్టాలు చెప్పుకోదగ్గవి. 1963లో బుల్స్ తరఫున ఆడిన జో మోర్గన్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. ఆయన ధరించిన 18వ నంబరును జట్టు మరెవరికీ ఇవ్వకుండా గౌరవించింది. 1970ల్లో చాలాకాలం ఆగిన జట్టును మైల్స్ వుల్ఫ్ 2,417 డాలర్లకు కొని 1980లో మళ్లీ ఆడించాడు. 1988లో వచ్చిన ‘బుల్ డర్హం’ సినిమా ఈ జట్టు పేరును బేస్‌బాల్ తెలియనివాళ్లకూ పరిచయం చేసింది. ఆ సినిమా కోసం మైదానంలో నిలబెట్టిన, ముక్కుల్లోంచి పొగ చిమ్మే ఆంబోతు పలక జనానికి నచ్చి సినిమా అయ్యాకా అక్కడే ఉండిపోయింది. 1910ల నాటి పొగాకు ప్రకటనకు అది మనవడు. 1995లో జట్టు కొత్త స్టేడియానికి మారింది. 1998లో మైనర్ లీగులలో పై మెట్టయిన ట్రిపుల్–ఏకు ఎదిగింది.

ఈలోగా ఊరి బతుకుతెరువు మారిపోయింది. సిగరెట్ల ఫ్యాక్టరీలు మూతపడి, అమెరికన్ టొబాకో భవనాలు కార్యాలయాలుగా, భోజనశాలలుగా మారాయి. కొత్త స్టేడియం ఆ భవనాల పక్కనే ఉంది. చుట్టుపక్కల ‘రీసెర్చ్ ట్రయాంగిల్’ అనే ప్రాంతంలోని సాఫ్ట్‌వేర్, ఔషధ సంస్థలలో పనిచేసే తెలుగు కుటుంబాలు మోరిస్‌విల్, కేరీ వంటి ఊళ్లలో స్థిరపడ్డాయి. డర్హంలో ఇప్పుడు పొగాకు పని జరగకపోయినా, పొగాకు సంచి మీది ఆంబోతు మాత్రం జట్టు టోపీ మీద మిగిలింది.

తొలి నలభై ఏళ్ల లెక్క చూస్తే బుల్స్ ఆట ఆగిన ప్రతిసారీ కారణం మైదానం బయటే ఉంది. 1902లో లీగు, 1917లో, 1943లో యుద్ధం, 1934లో మాంద్యం. ఓడిపోయినందువల్ల ఈ జట్టు ఒక్కసారీ మూతపడలేదు. బ్రామ్‌హామ్ 1902లో నేర్చుకుని, 1933 తరవాత దేశమంతటా అమలుచేసిన పాఠం ఇదే: చిన్న ఊరి జట్టుకు మంచి పిచ్చర్ ఎంత అవసరమో, సీజన్ ముందే కట్టిన ధరావతు సొమ్మూ అంతే అవసరం.